ముద్దాయి వేరు, దోషి వేరు: కోర్టు ఇంగ్లీషు నేర్చుకునే పద్ధతి

ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లోని మన విచారణల్లో నర్సింగ్ చదివిన అమ్మాయిలు, డిగ్రీలు పూర్తిచేసిన అబ్బాయిలు చాలామంది ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్షలకు తయారవుతున్నారు. వీటిలో ఎక్కువమంది రాసేది 1989లో మొదలైన ఐ.ఇ.ఎల్.టి.ఎస్. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అని ఇందులో నాలుగు భాగాలు. మార్కులకు బదులు 9 వరకు బ్యాండ్లు ఇస్తారు. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ వినడం, చదవడం, మాట్లాడడంలో 7, రాయడంలో 6.5 కోరుతుంది.

ఈ పరీక్షలో తరచూ ఎదురయ్యే విషయాల్లో నేరం, శిక్ష, చట్టం ఒకటి. జైలుశిక్షలు పెంచితే నేరాలు తగ్గుతాయా? చిన్న వయసులో నేరం చేసినవారిని పెద్దవారితో సమానంగా శిక్షించాలా? ఇలాంటి ప్రశ్నకు 40 నిమిషాల్లో కనీసం 250 మాటల వ్యాసం రాయాలి. అభిప్రాయం లేక కాదు, మాట దొరకక మన పిల్లలు ఇక్కడ తడబడుతుంటారు. చాలామంది చేసే పని ఒక గైడు కొనుక్కొని, అందులోని వంద చట్టపు మాటలను అర్థాలతో సహా వల్లె వేయడం. పరీక్షనాడు ఆ మాటలు గుర్తుకు వస్తాయి గాని, ఏది ఎక్కడ వాడాలో తెలియదు.

చట్టపు మాట మామూలు మాట వంటిది కాదు. అది ఒక మనిషిని ఒక స్థానంలో నిలబెడుతుంది. నిన్న అనుమానితుడు, నేడు ముద్దాయి, రేపు దోషి గాని నిర్దోషి గాని. మనిషి అతడే, మాట మారేకొద్దీ అతని హక్కులు, పరువు, భవిష్యత్తు మారిపోతాయి. కాబట్టి ఈ మాటలను అక్షర క్రమంలో కాకుండా, కేసు నడిచే క్రమంలో నేర్చుకోవాలి. ఈ పాఠంలో మనం చేయబోయేది అదే.

మన దగ్గర ఉన్న పెట్టుబడి

కోర్టు భాష మనకు కొత్త అని భయపడనక్కరలేదు. మన ప్రాంతంలో చదువురాని ముసలివారి నోట కూడా వకీలు, వకాల్తా, అదాలత్, జమానత్, ఫిర్యాదు, దస్తావేజు, ఫైసలా, ఖైదు, పట్టా, పహాణీ అనే మాటలు వినబడతాయి. నిజాం పాలనలో 1880ల దశకంలో పార్సీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. 1948 వరకు మన కచేరీలన్నీ దాదాపు ఆ భాషలోనే నడిచాయి. ఆ మాటలు మన తెలుగులో కలిసిపోయాయి. మీ తాతగారికి జమానత్ అంటే ఏమిటో తెలుసు. ఇంగ్లీషులో దాన్నే బెయిల్ అంటారు. జమానత్ పడే మనిషి ష్యూరిటీ. దస్తావేజు అంటే డీడ్ లేక డాక్యుమెంట్. ఫైసలా అంటే జడ్జ్‌మెంట్. వస్తువు మనకు తెలుసు, దాని ఇంగ్లీషు పేరు మాత్రమే కొత్త.

అయితే ఒక హెచ్చరిక. మాట ఒక భాష నుంచి మరొక భాషకు వచ్చేటప్పుడు కొన్నిసార్లు అర్థం తిరగబడుతుంది. ముద్దాయి అనే మాటనే తీసుకోండి. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, అంటే వాది. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. ఒకే శబ్దం, కోర్టు హాలులో ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చి నిలబడింది! అందువల్ల శబ్దాన్ని నమ్మి మాట వాడకూడదు. ఆ భాషలో ఆ మాట చేసే పనిని చూడాలి.

ఒక కేసు, మొదటి నుంచి చివరి వరకు

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. నిర్మల్ బస్టాండ్ బయట ఒక మోటారు సైకిల్ పోయింది.

జరిగిన పని నేరం. మామూలుగా దీన్ని క్రైమ్ అంటారు, చట్టంలో అఫెన్స్ అంటారు. బండి పోగొట్టుకున్నవాడు విక్టిమ్, అంటే బాధితుడు. చూసినవాడు విట్‌నెస్, అంటే సాక్షి. స్టేషన్‌కు వెళ్ళి ఫిర్యాదు చేసినవాడు కంప్లెయినెంట్. పోలీసులు ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేస్తారు. దాని నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలన్నది చట్టం.

పోలీసుల దర్యాప్తు ఇన్వెస్టిగేషన్. వారికి ఒక యువకుని మీద అనుమానం కలిగింది. ఇప్పుడు అతడు సస్పెక్ట్, అంతకుమించి ఏమీ కాదు. అతన్ని పట్టుకోవడం అరెస్ట్. పోలీసుల అధీనంలో ఉండడం కస్టడీ. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టుకు కారణం అతనికి చెప్పాలి, వకీలును సంప్రదించనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ఎదుట హాజరుపరచాలి. మేజిస్ట్రేట్ అతన్ని నిర్బంధంలో ఉంచమని ఆదేశిస్తే అది రిమాండ్. హామీ మీద విడిచిపెడితే అది బెయిల్.

నేరం ఫలానా అని లాంఛనంగా మోపడం ఛార్జ్. నేరం మోపబడినవాడు అక్యూజ్డ్. మన దేశంలో ఎఫ్.ఐ.ఆర్. నాటి నుంచే ఈ మాట వాడుతుంటారు. బ్రిటన్ పత్రికల్లో, పరీక్షకు వచ్చే వ్యాసాల్లో కోర్టు ముందు నిలిచిన వ్యక్తిని ఎక్కువగా డిఫెండెంట్ అంటారు. మన దగ్గర డిఫెండెంట్ అంటే సివిల్ దావాలో ప్రతివాది మాత్రమే. బ్రిటన్‌లో రెండు రకాల కేసుల్లోనూ ఆ మాట చెల్లుతుంది. ఈ తేడా తెలియకపోతే చదివే భాగంలో ప్రశ్న తారుమారవుతుంది.

కోర్టులో జరిగే విచారణ ట్రయల్. నేరం రుజువు చేయవలసినవారు ప్రాసిక్యూషన్, అతని తరఫున వాదించేవారు డిఫెన్స్. రుజువులన్నీ కలిపి ఎవిడెన్స్. సాక్షి నోటితో చెప్పేది టెస్టిమొనీ. ప్రమాణం చేసి అబద్ధం చెబితే అది పర్జరీ అనే నేరం. బ్రిటన్‌లో పెద్ద నేరాలకు సామాన్య పౌరుల జ్యూరీ కూర్చుంటుంది. మన దేశంలో జ్యూరీలు క్రమంగా తొలగిపోయాయి, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో వాటికి చోటు లేదు. అందుకే జ్యూరీ అనే మాట మన పిల్లలకు సినిమాల్లో తప్ప తెలియదు. జ్యూరీ, పర్జరీ రెండూ ప్రమాణం చేయడం అనే లాటిన్ మాట నుంచి పుట్టాయి. ఒకటి ప్రమాణం చేసినవారి బృందం, ఒకటి ప్రమాణాన్ని తప్పడం. ఇలా జతగా పెట్టుకుంటే రెండూ మరపురావు.

చివరకు నేరం రుజువైందా, లేదా అన్న తీర్పు వర్డిక్ట్. రుజువు కాకపోతే అతన్ని అక్విట్ చేశారంటారు. రుజువైతే కన్విక్ట్ చేశారంటారు. ఇప్పుడు, ఇప్పుడు మాత్రమే, అతన్ని దోషి అనవచ్చు. ఎంత శిక్ష అన్నది సెంటెన్స్. అది ఫైన్ కావచ్చు, ఇంప్రిజన్‌మెంట్ కావచ్చు. తీర్పు నచ్చనివారు పై కోర్టుకు వెళ్ళడం అప్పీల్.

శిక్షల్లో కమ్యూనిటీ సర్వీస్ అనే మాట ఐ.ఇ.ఎల్.టి.ఎస్. వ్యాసాలకు చాలా పనికివస్తుంది. జైలుకు పంపకుండా సమాజానికి ఉపయోగపడే పని జీతం లేకుండా చేయించడం దాని అర్థం. 2024 జూలై 1న పాత ఇండియన్ పీనల్ కోడ్ స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఈ శిక్షను మన దేశంలోనూ చేర్చింది. 5,000 రూపాయల కంటే తక్కువ విలువైన సొత్తు దొంగిలించి, మొదటిసారి దోషిగా తేలినవాడు ఆ సొత్తును గాని దాని విలువను గాని తిరిగి ఇచ్చేస్తే అతనికి ఈ శిక్ష వేస్తారు. వ్యాసంలో సొంత దేశపు ఉదాహరణ రాయదలచుకున్నవారికి ఇది చక్కని ఆధారం.

ఎక్కడ తప్పు చేస్తున్నాం?

పోలీసులు ఒక దొంగను పట్టుకున్నారు అని తెలుగులో సులభంగా అనేస్తాం. పత్రికల్లో కూడా అలాగే చదువుతాం. ఆ అలవాటుతోనే ఇంగ్లీషులో ది పోలీస్ అరెస్టెడ్ ది క్రిమినల్ అని రాస్తారు. నేరం రుజువు కాకముందే క్రిమినల్ అని ఎలా తెలిసింది? అక్కడ రాయవలసిన మాట సస్పెక్ట్. రాసే భాగానికి మార్కులు వేసేవారు చూసే నాలుగు అంశాల్లో పదసంపద ఒకటి. అక్కడ వారు చూసేది ఎంత పెద్ద మాట రాశారన్నది కాదు, సరైన చోట సరైన మాట పడిందా అన్నది.

రెండవది, మాట వెంట వచ్చే చిన్న మాట. తెలుగులో అతని మీద నేరం మోపారు అంటాం కాబట్టి ఆ మీద అనే విభక్తిని ఇంగ్లీషులోకి మోసుకుపోతాం. ఇంగ్లీషు పద్ధతి వేరు. అక్యూజ్డ్ తర్వాత ఆఫ్ రావాలి. ఛార్జ్‌డ్ తర్వాత విత్. అరెస్టెడ్ తర్వాత ఫర్. కన్విక్టెడ్ తర్వాత ఆఫ్. అక్విటెడ్ తర్వాత కూడా ఆఫ్. సెంటెన్స్‌డ్ తర్వాత టు. వీటిని విడివిడిగా కాదు, జంటలుగానే కంఠస్థం చేయాలి. అక్యూజ్డ్ ఆఫ్ థెఫ్ట్, ఛార్జ్‌డ్ విత్ మర్డర్, సెంటెన్స్‌డ్ టు టూ ఇయర్స్ ఇన్ ప్రిజన్ అని పైకి చదవండి.

మూడవది, దొంగతనం. తెలుగులో ఇంటిని దోచారు అంటాం, నగలు దోచారు అని కూడా అంటాం. ఇంగ్లీషులో ఈ రెండింటికీ ఒకే క్రియ కుదరదు. పోయిన వస్తువుకు స్టీల్ వాడాలి, నష్టపోయిన మనిషికి లేదా చోటుకు రాబ్ వాడాలి. డబ్బును స్టీల్ చేస్తారు, బ్యాంకును రాబ్ చేస్తారు. చెప్పకుండా తీసుకుపోవడం థెఫ్ట్, బెదిరించి లేదా కొట్టి తీసుకుపోవడం రాబరీ, ఇంట్లో జొరబడి దొంగిలించడం బర్గ్లరీ.

నాల్గవది, మన ప్రాంతంలో ప్రత్యేకంగా వచ్చే చిక్కు. పునరావాసం అనే మాట మనకు బాగా తెలుసు. ప్రాజెక్టుల కింద, సింగరేణి గనుల కింద, కవ్వాల్ పులుల అభయారణ్యంలో ఊళ్ళు కోల్పోయినవారికి ఇచ్చేది పునరావాసం. నిఘంటువులో రిహాబిలిటేషన్ అనే మాటకు ఇదే అర్థం ఉంటుంది. నేరం, శిక్ష గురించిన వ్యాసంలో మాత్రం రిహాబిలిటేషన్ అంటే ఖైదీని మంచి దారికి తెచ్చి, తిరిగి సమాజంలో బ్రతికేలా చేయడం. ఈ ఒక్క మాటను అపార్థం చేసుకుంటే ప్రశ్న మొత్తం ఇళ్ళ స్థలాల గురించి అనుకొని వేరే వ్యాసం రాసే ప్రమాదం ఉంది. దీనికి ఎదురుగా వాడే మాట డిటరెంట్, అంటే శిక్ష చూసి మరొకరు వెనక్కి తగ్గేలా చేసేది. మళ్ళీ నేరం చేయడం రీఅఫెండ్. చిన్న వయసువారు జువెనైల్స్. చట్టానికి కట్టుబడి బ్రతికేవారు లా అబైడింగ్. ఈ అయిదు మాటలు సరిగా వాడగలిగితే ఈ విషయంపై వచ్చే చాలా ప్రశ్నలకు జవాబు రాయవచ్చు.

రెండు ముఖాల మాటలు

చట్టపు ఇంగ్లీషులో కష్టమైన మాటల కంటే తేలిక మాటలే ఎక్కువ మోసం చేస్తాయి. సెంటెన్స్ అంటే బడిలో వాక్యం, కోర్టులో శిక్ష. కన్విక్షన్ అంటే గట్టి నమ్మకం, కోర్టులో నేర నిర్ధారణ. ఛార్జ్ అంటే రుసుము, కోర్టులో నేరారోపణ. హియరింగ్ అంటే వినికిడి, కోర్టులో వాయిదానాడు జరిగే విచారణ. డామేజ్ అంటే నష్టం, చివర ఎస్ చేర్చి డామేజెస్ అంటే కోర్టు ఇప్పించే నష్టపరిహారం. ప్రొబేషన్ అంటే ఉద్యోగంలో పరీక్షాకాలం, కోర్టులో సత్ప్రవర్తన షరతు మీద జైలుకు పంపకుండా విడిచిపెట్టడం.

ఇందులో వింత ఏమీ లేదు. మన మాటే చూడండి. కతోలికులకు విచారణ అంటే గురువుల సంరక్షణలో ఉండే సంఘం. అదే మాట కోర్టు మెట్ల దగ్గర వింటే గుండె దడదడలాడుతుంది. మాట ఎవరి నోట, ఏ చోట పలికిందో చూసి మనం అర్థం చేసుకుంటున్నాం. ఇంగ్లీషులోనూ చేయవలసింది అంతే. చుట్టూ ఉన్న మాటలు చూడాలి. పక్కన జడ్జి, కోర్టు, ప్రిజన్ వంటి మాటలుంటే సెంటెన్స్ అంటే శిక్షే.

పలకడంలోనూ జాగ్రత్త అవసరం. నేరం మోపడం అనే అర్థంలో ఐ-ఎన్-డి-ఐ-సి-టి అని రాసే మాటను ఇండైట్ అని పలకాలి, అందులో సి పలకదు. అప్పు అనే అర్థంలో డి-ఇ-బి-టి అని రాసేదాన్ని డెట్ అనాలి, అందులో బి పలకదు. కన్విక్ట్ అనే మాట ఖైదీ అనే అర్థంలో వస్తే మొదటి భాగాన్ని, నేరం నిర్ధారించడం అనే అర్థంలో వస్తే రెండవ భాగాన్ని ఒత్తి పలకాలి. లాయర్ అన్నప్పుడు మొదటి భాగం బాయ్ అనే మాటలోని ధ్వనిలా ఉండాలి. టైర్ అనే మాటలోని ధ్వని వచ్చిందంటే అవతలివారికి అది అబద్ధాలకోరు అన్నట్టు వినబడుతుంది. మాట్లాడే పరీక్షలో వకీలుగారిని అంత మాట అనడం బాగుండదు గదా!

అడ్వొకేట్ అనే మాటకు మూలం లాటిన్. సహాయం కోసం పిలువబడినవాడు అని దాని అర్థం. దైవపిలుపును ఇంగ్లీషులో వొకేషన్ అంటారని మీకు తెలుసు. రెండింటి వేరు ఒకటే, పిలుపు.

పరీక్ష తర్వాత కూడా

ఈ మాటలు పరీక్ష కోసమే అయితే రాసిన మర్నాడు మరచిపోయినా నష్టం లేదు. కాని చట్టపు మాట తెలియకపోతే ఏమవుతుందో మన జిల్లాకు తెలిసినంతగా మరే జిల్లాకూ తెలియదేమో.

ఉట్నూరు, ఆసిఫాబాద్ అడవుల్లో తరతరాలుగా సాగుచేసుకున్న గోండుల భాష గోండి. వారి భూమిని నిర్ణయించే కాగితాలు మాత్రం ఉర్దూలో ఉండేవి. పొలం దున్నేది ఒకరు, పట్టా మరొకరి పేరు మీద. కాగితంలో ఏముందో చదవలేనివాడికి అది చదివి చెప్పేవాడే దిక్కు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్ ప్రాణాలు కోల్పోయిన తర్వాత నిజాం ప్రభుత్వం ఆ అశాంతికి కారణాలు తెలుసుకోవడానికి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను రప్పించింది. ఆయన కృషితో గోండులకు పట్టాలు ఇప్పించే పని మొదలైంది. దానితోపాటే 1940లలో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం వెలిసింది. భూమి ఇవ్వడం, అక్షరం నేర్పడం రెండూ కలిసి నడవాలని ఆ అనుభవం చెప్పింది.

మరొక ఉదాహరణ. షెడ్యూల్డ్ ప్రాంతాల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చింది. 1970లో దాన్ని సవరించి గట్టిపరచారు. మనవాళ్ళు వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. ఏ పర్సన్ కూడా అక్కడి భూమిని గిరిజనులకు తప్ప మరొకరికి బదిలీ చేయరాదన్నది దాని సారాంశం. మరి ప్రభుత్వం పర్సన్ అవుతుందా? విశాఖ జిల్లాలో గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులో ఈ ప్రశ్న సుప్రీం కోర్టు ముందుకు వచ్చింది. 1997 జూలైలో కోర్టు అవునంది. పర్సన్ అనే మాటలో రాష్ట్ర ప్రభుత్వం కూడా ఉంది కాబట్టి, ప్రభుత్వం సైతం ఆ భూములను గిరిజనేతరులకు గనుల కోసం లీజుకు ఇవ్వరాదని తీర్పు చెప్పింది. ఆరో తరగతి పిల్లవాడికి కూడా తెలిసిన ఒక్క చిన్న మాట అర్థం మీద కొండలు, అడవులు నిలిచాయి.

విదేశానికి వెళ్ళే మన పిల్లలు మొదట సంతకం పెట్టేది కూడా చట్టపు కాగితం మీదే. దాని పేరు కాంట్రాక్ట్. గల్ఫ్‌కు వెళ్ళే కూలీ అయినా, బ్రిటన్‌కు వెళ్ళే నర్సు అయినా అందులో కొన్ని మాటలు వెదకి చూడాలి. షల్ అని ఉంటే తప్పనిసరి, మే అని ఉంటే ఐచ్ఛికం. యజమాని వసతి కల్పించే విషయంలో షల్ ఉందా, మే ఉందా అన్నది నెల జీతాన్ని మార్చేస్తుంది. లయబుల్ అంటే బాధ్యత మీది, చెల్లించవలసింది మీరు. ఎంటైటిల్డ్ అంటే హక్కు మీది, పొందవలసింది మీరు. బైండింగ్ అంటే సంతకం పెట్టాక తప్పించుకోలేనిది. టెర్మినేషన్ అంటే ఉద్యోగం ముగించడం. నోటీస్ పీరియడ్ అంటే ముగించే ముందు తెలియజేయవలసిన గడువు. బాండ్ అంటే ఇంతకాలం పనిచేస్తానని, మానేస్తే ఇంత సొమ్ము కడతానని రాసిచ్చే ఒప్పందం. అర్థం కాని మాట కింద గీత గీసి, అడిగి తెలుసుకొని, ఆ తర్వాతే సంతకం పెట్టాలి. ఏజెంటు తొందరపెట్టినా సరే.

ఇంకొక మాట కూడా ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. లీగల్ ఎయిడ్, అంటే ఉచిత న్యాయసహాయం. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 1995 నవంబరు 9 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, నిర్బంధంలో ఉన్నవారు మొదలైనవారికి ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇస్తారు. జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇంటిలో అభ్యాసం

ఒక నోటు పుస్తకం తీసుకొని పేజీకి మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో మనిషి, రెండవ గడిలో పని, మూడవ గడిలో విషయం రాయండి. ప్రాసిక్యూటర్, ప్రాసిక్యూట్, ప్రాసిక్యూషన్. అఫెండర్, అఫెండ్, అఫెన్స్. కన్విక్ట్, కన్విక్ట్, కన్విక్షన్. విట్‌నెస్, టెస్టిఫై, టెస్టిమొనీ. ఒక మాట కోసం పుస్తకం తెరిస్తే మూడు మాటలు వస్తాయి.

వారానికి ఒకసారి పత్రికలో ఒక కోర్టు వార్త ఎంచుకోండి. అందులోని మనిషి ఏ మెట్టు మీద ఉన్నాడో గుర్తించండి. అనుమానితుడా, ముద్దాయా, దోషా? తర్వాత అదే వార్తను అయిదు ఇంగ్లీషు వాక్యాల్లో రాయండి. తెలుగు వార్తలో దొంగ అని ఉన్నా మీరు సరైన మాటే రాయండి.

రాత్రి భోజనాల తర్వాత ఇంట్లో పెద్దవారిని ఒక పాత భూమి తగాదా గురించి చెప్పమనండి. ఎవరు దావా వేశారు, ఎన్ని వాయిదాలు తిరిగారు, ఫైసలా ఏమైంది? దావా వేసినవాడు ప్లెయింటిఫ్, దావా వేయడం స్యూ, వారసుడు హెయిర్ అని రాసి ఎయిర్ అని పలికే మాట, కౌలుదారు టెనంట్, మధ్యవర్తుల ద్వారా కుదిరిన రాజీ సెటిల్‌మెంట్. విన్న కథను రెండు నిమిషాల్లో ఇంగ్లీషులో తిరిగి చెప్పండి. మాట్లాడే పరీక్ష రెండవ భాగంలో అడిగేది ఇదే. ఒక నిమిషం ఆలోచించి, రెండు నిమిషాల వరకు మాట్లాడాలి. తల్లిదండ్రులకు ఇంగ్లీషు రాకపోయినా ఈ పాఠంలో వారే గురువులు. కథ వారిది, మాటలు పిల్లలవి.

ఇప్పుడు ఈ ఆరు ప్రశ్నలకు జవాబులు రాసి చూడండి.

1. పోలీసులు అనుమానంతో ప్రశ్నిస్తున్న వ్యక్తిని ఏమనాలి?
2. బ్యాంకుకు, డబ్బుకు ఏ క్రియలు వాడాలి?
3. ఛార్జ్‌డ్ తర్వాత, కన్విక్టెడ్ తర్వాత ఏ చిన్న మాటలు రావాలి?
4. ప్రమాణం చేసి అబద్ధం చెప్పిన సాక్షి చేసిన నేరం ఏది?
5. కోర్టు ఇప్పించిన నష్టపరిహారానికి మాట ఏమిటి?
6. కాంట్రాక్ట్‌లో యజమాని తప్పక చేయవలసిన పనికి ఏ మాట ఉండాలి?

జవాబులు: 1. సస్పెక్ట్. 2. బ్యాంకుకు రాబ్, డబ్బుకు స్టీల్. 3. విత్, ఆఫ్. 4. పర్జరీ. 5. డామేజెస్. 6. షల్.

ఆరింటికీ సరిగా రాసినవారు ఇంకొక పని చేయండి. ఈ వారమంతా మీ వాడలో, మీ బస్సులో, మీ ఇంట్లో ఎవరినైనా దొంగ అని గాని, నేరస్థుడు అని గాని అన్నప్పుడు, ఆ మనిషి నిజంగా ఏ మెట్టు మీద ఉన్నాడో ఒక్కసారి మనసులో అడిగి చూసుకోండి. ఇంగ్లీషు పరీక్షలో తప్పు మాటకు పోయేది అర బ్యాండు. ఊరిలో అదే తప్పు మాటకు పోయేది ఒక మనిషి పరువు.